నెల నెలా వచ్చే కడుపునొప్పి

కాకినాడ పెద్దాసుపత్రి గైనిక్ ఓపీలో డాక్టరమ్మ తన పక్కనే నాకు స్టూలు వేయించారు. పొద్దున్నుంచీ గర్భిణులే. పదకొండు దాటాక తల్లికీ నాయనమ్మకీ మధ్య నడుం వంచుకుని ఓ పిల్ల వచ్చింది. 14 ఏళ్లు. రాత్రి నుంచి ఒంటేలు రావట్లేదు.

"ఆర్నెల్లుగా కడుపునొప్పేనండి. రెండ్రోజులుండి తగ్గిపోద్ది. ఊళ్లో ఆరెంపీ గ్యాస్ బిళ్లలిచ్చాడు," అంది తల్లి.

"నెలకోసారా?"

"ఆయ్, అలాగేనండి."

"పెద్దమనిషయ్యిందా?"

"ఇంకా లేదండి, అదే మా బెంగ," నాయనమ్మ అందుకుంది.

డాక్టరమ్మకు సగం సంగతి అక్కడే తెలిసిపోయింది. తల్లిని తోడు పెట్టుకుని కర్టెన్ చాటున చూసి వచ్చారు. కన్నెపొర నీలంగా ఉబ్బి ఉందట. పుట్టుకతోనే దానికి రంధ్రం లేదు. నెలసరి రక్తం దారి లేక యోనిలో పేరుకుని మూత్రం బయటికొచ్చే దారిని నొక్కేస్తోంది. వెయ్యి, రెండు వేల మంది ఆడపిల్లల్లో ఒకరికి ఇలా ఉంటుందని అంచనా.

క్యాథెటర్ వేసి మూత్రం తీశాక స్కానింగ్‌కి పంపారు. పొర అలా నీలంగా ఉబ్బకపోతే అడ్డు ఇంకా పైన ఉండొచ్చు, అప్పుడు ఎమ్మారై తీయందే కత్తి పట్టరు. సూదితో కొంచెం లాగి చూద్దామన్న జూనియర్‌ని ఆవిడ ఆపేశారు. చిక్కటి పాత రక్తం సూదిలోంచి పూర్తిగా రాదు, క్రిములు మాత్రం లోపలికి పోతాయి.

తల్లి ఒప్పుకున్నాక థియేటర్లో పిల్ల తల వైపు నిలబడ్డాను. మత్తిచ్చి, పొర మీద ఇంటూ మార్కులా కోత పెట్టారు. నల్లటి రక్తం తారులా జారింది. పొట్ట నొక్కలేదు, నొక్కితే అది అండనాళాల్లోకి ఎదురు తన్నుతుందట. మళ్లీ అతుక్కోకుండా అంచుల్ని కరిగే దారంతో కుట్టారు. మొత్తం అరగంట. ఈ అరగంట పనికి ఆర్నెల్లు గ్యాస్ బిళ్లలా! పుట్టిన రోజు ఒళ్లంతా చూసేటప్పుడు ఇదీ చూసుంటే అప్పుడే తెలిసేది.

బయట తల్లి గొంతు తగ్గించి పెళ్లి సంగతి అడిగింది.

"ఆ పొరను బట్టి ఆడపిల్ల గురించి ఎవరూ ఏమీ చెప్పలేరమ్మా. పిల్లలు పుట్టడానికీ అడ్డు లేదు. నెలాగి చూపించండి."

నాయనమ్మ దిగులు వేరు. "మరి ఈడేరింది ఏ రోజని రాసుకోమంటారండి? నక్షత్రం చూడాలి కదా."

"అదయ్యి ఆర్నెల్లయింది పెద్దమ్మా, మీకు కబురు అందలేదంతే."

పెద్దావిడ ఒప్పుకోలేదు. నర్సమ్మ దగ్గరికెళ్లి, కోత పెట్టిన టైము ఎంతో కనుక్కుంది.