ఎర్రబడని రెండో పేరు

రాత్రి రెండున్నరకి ఫోన్ మోగింది. "క్యాబ్‌లో గార్డ్ లేడు. నాదే లాస్ట్ డ్రాప్. ఇల్లు చేరేదాకా లైన్‌లో ఉండవా?" అంది పక్క టీమ్ అమ్మాయి. మాదాపూర్ నుంచి బాచుపల్లి. దారంతా ఏవేవో మాట్లాడుతూనే ఉన్నాం. వాళ్ల గేటు చప్పుడు వినిపించాకే ఫోన్ పెట్టేశాను. తప్పు నాదేనని అప్పటికి నాకు తెలీదు.

మా ఆఫీసులో నైట్ షిఫ్ట్ క్యాబ్‌ల లిస్ట్ చూపించే పేజీ నా మొదటి పని. చివర దిగేది అమ్మాయైతే వెంట గార్డ్ వెళ్లాలి. ఆ పేరు లిస్ట్‌లో ఎర్రగా కనపడాలి. ట్రాన్స్‌పోర్ట్ డెస్క్ అన్న ఎరుపు చూసి గార్డ్‌ని ఎక్కిస్తాడు. అంతే పని.

లిస్ట్‌లో ప్రతి పేరూ ఒక 'ఎల్ఐ'. గార్డ్ కావాల్సిన పేర్లకి 'డేటా-గార్డ్' అని ఒక యాట్రిబ్యూట్ తగిలించాను. పెళ్లిలో సామాన్లకి చీటీలు అంటిస్తారు చూడండి, అలాంటిదే. వరసతో పనిలేదు, చీటీ చూసి పట్టుకోవచ్చు. జావాస్క్రిప్ట్‌లో 'క్వెరీ సెలెక్టర్' అని రాసి, స్క్వేర్ బ్రాకెట్లలో ఆ చీటీ పేరు పెట్టి, దొరికినదాని రంగు ఎరుపు చెయ్యమన్నా. టెస్ట్ డేటాలో అలాంటి పేరు ఒక్కటే. టక్కున ఎర్రబడింది. స్క్రీన్‌షాట్ తీసి అమ్మకి కూడా పంపా (ఇది చెప్పాలంటే ఇప్పుడు సిగ్గేస్తోంది).

ఆ రాత్రి అలాంటి పేర్లు రెండున్నాయి. క్వెరీ సెలెక్టర్ మొదటిది దొరకగానే ఆగిపోతుంది. రెండోది అలాగే నల్లగా ఉండిపోయింది. ఎర్రర్ కూడా రాదు, ఎందుకంటే దాని లెక్కలో అది తప్పే కాదు.

పొద్దున్నే 'క్వెరీ సెలెక్టర్ ఆల్' పెట్టాను. అది అన్నిటినీ తెస్తుంది. కానీ ఆ గుంపు మొత్తానికి ఒకేసారి రంగు వెయ్యలేం, 'ఫర్ ఈచ్'తో ఒక్కోదానికీ వెయ్యాలి. అది చూసి మా లీడ్ అక్క, "అర్ధరాత్రి కొత్త పేరు చేరిస్తే?" అంది. నిజమే. ఆ ఆల్ పిలిచిన క్షణంలో ఉన్నవే లెక్క, తర్వాత వచ్చింది మళ్లీ నలుపే. "రంగుకి జావాస్క్రిప్ట్ ఎందుకు తమ్ముడూ? అదే బ్రాకెట్ సీఎస్ఎస్‌లో రాయి. ఎప్పుడొచ్చిన పేరుకైనా అదే పడుతుంది." ఆ సదుపాయం 1998లో వచ్చిన సీఎస్ఎస్ 2 నుంచే ఉందట. మన సైబర్ టవర్స్ తెరిచిందీ ఆ ఏడాదే. నేను మాత్రం మొన్నటిదాకా చూడలేదు.

సోమవారం క్యాంటీన్‌లో ఆమెకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "టెస్ట్‌లో రెండు పేర్లు కూడా పెట్టుకోలేదా?" అంది. తను టెస్టర్ మరి.

ట్రాన్స్‌పోర్ట్ డెస్క్ అన్న అయితే ఆ రోజు నుంచీ లిస్ట్ ప్రింట్ తీసి, ఎర్ర పెన్నుతో తనే సున్నాలు చుడుతున్నాడు. నేనేం అనట్లేదు.