రోజుకి పావలా

నవల అంటే అద్దెకి తెచ్చుకునేదే గాని, కొనుక్కునేది కాదని మా వీధి ఆడవాళ్ళందరి నమ్మకం. 1976లో ‘సెక్రటరీ’ సినిమా వచ్చిననాటికి మేం విజయవాడ సత్యనారాయణపురంలో ఉండేవాళ్ళం. సినిమా చూసినవాళ్ళకి యద్దనపూడి సులోచనారాణి నవల చదవాలనీ, నవల చదివినవాళ్ళకి సినిమా చూడాలనీ ఒకటే ఆరాటం. సినిమాకైతే మగవాళ్ళు తీసికెళతారు. పుస్తకానికి డబ్బులడిగితే మాత్రం, “వారపత్రిక వేయిస్తున్నాంగా!” అంటారు.

అందుకని సందు మొగదల అద్దె లైబ్రరీయే మాకు గతి. డిపాజిట్టు అయిదు రూపాయలు, అద్దె రోజుకి పావలా. పావలాయేగా అనకండి, అది కూరల డబ్బుల్లోంచి మిగలాలి! మా వరస ఇళ్ళవాళ్ళం నలుగురం వాటాలు వేసుకున్నాం. మనిషికి ఆరు పైసలు. ఆ మిగిలిన ఒక్క పైసా ఎవరు వేసేవారో ఇప్పటికీ తేలని లెక్క.

ఆఫీసు కారియర్లు సర్దాక పుస్తకం మొదట నా దగ్గరికొచ్చేది. భోజనాలయ్యాక పక్కింటి వదినగారు, మూడు గంటలకి మూడో ఇంటావిడ, రాత్రి గిన్నెలు కడుక్కున్నాక పిన్నిగారు. పిన్నిగారు తెల్లవారేదాకా చదివినా అడిగేవాళ్ళు లేరు. ఆ అదృష్టం అందరికీ పట్టదు.

ఓ సాయంత్రం మూడో ఇంటాయన, కాఫీ ఆలస్యమైందని పుస్తకం తీసి వాకిట్లోకి విసిరేశారు. అట్ట ఒక వైపు, కాగితాలు ఒక వైపు. లైబ్రరీ అతను “ఇది నాకెందుకమ్మా?” అని డిపాజిట్టు కాస్తా ఉంచేసుకున్నాడు. మూడో ఇంటావిడ రెండ్రోజులు బయటికే రాలేదు. మూడోనాడు పోపులడబ్బాలోంచి తీసిన చిల్లర, అయిదు రూపాయలూ, కొంగులో మూటగట్టుకుని వచ్చింది. ఇంకా ఇంగువ వాసనేస్తోంది! పిన్నిగారు అందులోంచి రూపాయి పావలా మాత్రం లెక్కపెట్టి తీసి, “వాటా అంటే వాటాయేనే అమ్మాయీ” అన్నారు.

మైదాపిండి ఉడికించి అతికి, దబ్బనంతో కుట్టాం. అలా మా నలుగురికీ సొంత నవల ఏర్పడింది. మూడో ఇంట్లో మాత్రం ఎప్పుడూ ఉంచలేదు.

ఇప్పుడు మా చుట్టుపక్కల అద్దె లైబ్రరీ ఒక్కటీ లేదు. వాటి పుస్తకాలు మాత్రం ఏలూరు రోడ్డు లెనిన్ సెంటర్‌లో, పాత పుస్తకాల దుకాణాల్లో అప్పుడప్పుడు కనబడతాయి, ఊదారంగు రబ్బరు ముద్రలతో సహా. కొనేముందు ఆఖరి పేజీ ఉందో లేదో చూడండి. కావలసిన పుస్తకం దొరికితే మొహంలో సంతోషం కనబడనీయకండి. అతను పుస్తకం ధర కాదు, మన మొహం ధర చెబుతాడు! ‘సెక్రటరీ’లాంటివి కొత్తవే దొరుకుతాయి గనక బేరమాడొచ్చు. మళ్ళీ అచ్చుకాని నవలలకే చిక్కు. ఆ రోజుల్లో అయిదు రూపాయల నవలకి మొన్న నాలుగొందలు చెప్పాడు. నేను కొనలేదు.

అన్నిటికన్నా చవక బేరం వేరే ఉంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద, ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల లెక్కన గ్రంథాలయ పన్ను పడుతుంది. చదివినా చదవకపోయినా కట్టి తీరాలి. ఈ సంగతి మావారి చెవిన వేశాను.

“అయితే మన డబ్బేగా! వెళ్ళి తెచ్చుకో” అన్నారు వెంటనే.

యాభై ఏళ్ళకి!