వానలో ఒంటరి పరుగు

ఉరుములూ మెరుపులూ లేని వానరాత్రయితే చాలు, విశాఖ బీచ్ రోడ్డు మీద పరుగుకి బయల్దేరతాను. మొదట్లో మనసు మొరాయిస్తుంది. బూట్లలో నీళ్లు చేరి అడుగడుక్కీ చప్పుడు, పగలు ఎవరో అన్న మాట పదే పదే చెవిలో. కురుసుర జలాంతర్గామి దగ్గరికి వచ్చేసరికి కోపం కాస్తా దిగులవుతుంది. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన ఆ నల్లటి దేహం ఇసుకలో తడుస్తుంటే చూసి ముందుకు సాగడం కష్టం. అయినా ఆగను. ఎప్పుడో తెలియకుండానే ఊపిరి కుదురుకుంటుంది. ఈ హాయికి ఎండార్ఫిన్లే కారణమనేవారు. రక్తంలోంచి అవి మెదడుకి అంత సులువుగా చేరవు గనుక, శరీరమే తయారుచేసుకునే ఎండోకానబినాయిడ్లది పెద్ద పాత్ర కావచ్చని ఇప్పటి పరిశోధకులంటున్నారు. ఏదైతేనేం, లాసన్స్ బే చేరేలోపు అలల హోరుకి పోటీగా గొంతెత్తి పాడేస్తుంటాను.