ఎడం కాలి ఆట

26 మే 2024, ఆదివారం

రోహిణి కార్తె. పొద్దున్న ఎనిమిదికే గ్రౌండులో అరికాలు మోపనివ్వడం లేదు. ఇంట్లోనే కూర్చుని ‘మైదాన్’ సినిమా చూశాను. ఏప్రిల్లో విడుదలైనప్పుడు కుదరలేదు. అజయ్ దేవగణ్ బాగానే చేశాడు. కాకపోతే సినిమావాళ్లకి మ్యాచులు కావాలి. నాలాంటి రిటైరైన పీఈటీకి ఆ మ్యాచుల ముందరి ఏళ్లు కావాలి.

ఆ సినిమా ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం గారి కథ. ఆయన 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివి, కాచిగూడ మిడిల్ స్కూల్లో పంతులుగా చేశారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950లో సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికొచ్చింది. ఆ ఏడు మొదలుకొని 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్పు వరసగా అయిదుసార్లు హైదరాబాదుకే. ఇటు పోలీసు జట్టు, అటు దేశం జట్టు, రెండూ ఆయన భుజాల మీదే ఉండేవి. 1963లో పోయేదాకా దింపుకోలేదు.

ఆయన్ని అందరూ పెద్ద వ్యూహకర్త అంటారు. బ్రెజిల్ 1958 ప్రపంచకప్‌లో 4-2-4 పద్ధతితో గెలవడానికి ముందే మన జట్టు చేత అలాంటి ఆట ఆడించారని చెబుతారు. నిజమే కావచ్చు. నాకు మాత్రం ఆయన చివరిదాకా బడిపంతులుగానే కనిపిస్తారు. ఏ పిల్లాడికి ఏ పాఠం రాలేదో చూసి, అదే మళ్లీ మళ్లీ చెప్పిన మనిషి.

29 మే, బుధవారం

రహీం గారు కుర్రాళ్లకి చిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒకదాంట్లో అలవాటు లేని కాలితోనే తన్నాలి. ఇంకోదాంట్లో డ్రిబ్లింగ్ చెయ్యకూడదు, బంతి అందగానే ఇచ్చెయ్యాలి. మరొకటి ఎత్తు కొలిచి, పొట్టి పిల్లలకే పెట్టేది.

సాయంత్రం ఎండ తగ్గాక హైస్కూలు గ్రౌండులో మొదటిది పెట్టి చూశాను. హాస్టళ్లకి సెలవులు కదా, ఏజెన్సీ పిల్లలు కొండెక్కిపోయారు. ఊళ్లో కుర్రాళ్లే వచ్చారు. కుడికాలితో తంతే ఫౌల్ అన్నాను. మొదట నవ్వులాట, ఆ తర్వాత తిట్లు.

ఆటో డ్రైవర్ గారి అబ్బాయి ఒకడున్నాడు. కుడికాలితో కొడితే బంతి గోడ దాటాల్సిందే. వాడినే నిలబెట్టి చూశాను. తప్పంతా ఎడంకాలిదే కాదు. బంతి పక్కన జానెడు దూరంలో నిలవాల్సిన కుడికాలు మూరెడు వెనక ఉండిపోతోంది. అందుకని ఒళ్లంతా వెనక్కి వాలుతోంది. దానికి తోడు బంతి తగిలే వేళకి చీలమండ బిగించడు, పాదం వేలాడేస్తాడు.

“ఏటండి మాస్టారూ, ఈ కాలు నా మాట ఇనట్లేదు” అన్నాడు.

“ఆ కాలు సంగతి తర్వాత, ముందు రెండో కాలు ఎక్కడెట్టావో చూసుకోరా” అన్నాను.

చీకటి పడేలోగా రెండు బంతులు తిన్నగా వెళ్లాయి. వాడి మొహం చూడాలి! ఇంటికెళ్తూ రోడ్డు మీద రాళ్లు కూడా ఎడంకాలితోనే తన్నుకుంటూ పోయాడు.

2 జూన్, ఆదివారం

బోస్టన్ నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. ఎప్పట్లాగే హల్వా ఎవరితో పంపుతావు మావయ్యా అనే మొదలు. రహీం గారి సంగతి ఎత్తితే, వాడు వాళ్ల ఊరి జెర్రీ యార్క్ గురించి చెప్పాడు. ఐస్ హాకీ కోచ్. 1972లో మొదలుపెట్టి 2022లో విరమించాడట. మూడు కాలేజీలు, 1,123 విజయాలు, అయిదు జాతీయ టైటిళ్లు. అందులో చివరి 28 ఏళ్లూ బోస్టన్ కాలేజీలోనే.

నన్ను పట్టుకున్నది అంకెలు కాదు, ఆ ఆటలో మార్పిడి. ఆట ఆగకుండానే ముప్పావు నిమిషానికోసారి ఆటగాళ్లు బయటికొస్తుంటే కొత్తవాళ్లు దూకుతారట. ఎవర్ని ఎవరితో కలిపి దించాలన్నదంతా కోచ్ బుర్రలోనే ఉండాలి. కబడ్డీలో ఒక్క మార్పు చెయ్యడానికే మనం తెగ ఆలోచిస్తాం.

ఒకే పనిలో యాభై ఏళ్లు ఉండనిచ్చారు చూడండి, దానికి అసూయపడ్డాను. నేను పనిచేసిన ఒక బళ్లో పరీక్షలు దగ్గరికొస్తే ఆటల పీరియడంతా లెక్కల మాస్టారికి ఇచ్చేసేవారు. పిల్లలకి దొరికేది తాళం వేసిన స్టోర్ రూమే. అయినా మన ఉత్తరాంధ్రలో పని ఆగలేదు. శ్రీకాకుళం దగ్గర ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న గారు చిన్నతనంలోనే కరణం మల్లీశ్వరి చేత బరువులు ఎత్తించారు. ఆవిడ 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది.

6 జూన్, గురువారం

తులసీదాస్ బలరాం సంగతి ఇందులో రాసిపెట్టుకోవాలి. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ కుర్రాడు, పేదిల్లు. ప్రాక్టీసుకి హైదరాబాద్ రావడానికి డబ్బుల్లేవంటే, అద్దె సైకిలుకి రోజుకో రూపాయి రహీం గారే ఇచ్చారని బలరామే చెప్పేవాడు. ఆ కుర్రాడే 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. అక్కడ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి మనవాళ్లు సెమీస్ చేరారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. అంతకు ముందు ఒలింపిక్స్‌లో, 1952 హెల్సింకీలో, మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా దిగి యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. ఆ ఓటమికీ మెల్బోర్న్ సెమీస్‌కీ మధ్య నాలుగేళ్లే.

11 జూన్, మంగళవారం

రహీం గారు పోయిన రోజు. ఊపిరితిత్తుల క్యాన్సర్. సిగరెట్లు విపరీతంగా కాల్చేవారు.

పోవడానికి తొమ్మిది నెలల ముందు, ఆ ఒంటితోనే జకార్తా ఆసియా క్రీడలకి వెళ్లారు. తొలి మ్యాచ్ దక్షిణ కొరియాతో 2-0 ఓటమి. థాయిలాండ్ మ్యాచ్‌లో డిఫెన్స్‌కి వెన్నెముక జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. ఇంకెవరైనా అయితే బెంచి మీద కూర్చోబెట్టేవారు. రహీం గారు సెమీస్‌లో అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు. అతను గోల్ కొట్టాడు. 1962 సెప్టెంబర్ 4న ఫైనల్, మళ్లీ ఆ కొరియాతోనే. గ్యాలరీలన్నీ మనకి వ్యతిరేకం. పి.కె.బెనర్జీ ఒకటి, కుట్ల తలతోనే జర్నైల్ ఒకటి. 2-1.

వెనక ఉంటే ఎత్తుగా వచ్చే ప్రతి బంతీ ఆ నెత్తి మీదికే కదా. ముందుకి పంపితే అది కొంత తప్పుతుంది, గోలూ దక్కుతుంది. నాకు తోచిన లెక్క ఇది. పిల్లల ఒంటిని రోజూ చూసే పంతులికే ఇలాంటి లెక్క తడుతుంది.

కోచ్‌లకి ద్రోణాచార్య పురస్కారం 1985లో మొదలైంది. అప్పటికి ఆయన పోయి 22 ఏళ్లు. 1970లో బ్యాంకాక్‌లో మనకి కాంస్యం వచ్చింది, కెప్టెన్ హైదరాబాదీ నయీముద్దీన్. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మనకి పతకమే లేదు.