మామయ్య కొన్న పెద్ద కారు

కార్ల గూర్చి తీర్పు చెప్పే అర్హత నాకు లేదని మొదటనే మనవి చేసుకుంటున్నాను. ఆంగ్ల సాహిత్యం చదువుకుని, ఇరవై రెండేళ్లుగా అనువాదాలు చేసుకుంటూ బ్రతుకుతున్నవాణ్ణి. నాకున్న వాహనం ఒక పాత స్కూటరు. అయినప్పటికీ 2024 డిసెంబరు మొదటి వారంలో రాజమండ్రి నుంచి మా మేనమామ ఫోను చేసి, “ఒరేయ్, బెంజి కారు తాలూకు పుస్తకం ఒకటి పంపిస్తున్నాను. అంతా ఇంగ్లీషు. అందులో ఏమున్నదో తెలుగులో రాసిపెట్టు. కొనవచ్చునో కూడదో కూడా నువ్వే చెప్పు” అన్నప్పుడు కాదనలేకపోయాను. ఎం.ఏ. చదివిన రెండేళ్లూ నా ఫీజు కట్టినవాడు ఆయన.

కారు ఎందుకో నాకు తెలుసు. ఆ యేడు దసరా వెళ్లిన వారంలోనే అత్తయ్యకు కాన్సరని తేలింది. ఇరవై ఒక్క రోజుల కొకసారి, మొత్తం ఆరు విడతలు, విశాఖపట్నం వెళ్లి మందు ఎక్కించుకుని రావాలి. ఒక వైపు ప్రయాణమే సుమారు 190 కిలోమీటర్లు. మొదటి రెండు విడతలకూ అద్దె బండిలో వెళ్లివచ్చారు. వెళ్లేటప్పుడు ఫరవాలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ తుని దాటేదాకా కళ్లు తెరవలేదనీ, అన్నవరం కొండ కనబడగానే చేతులు జోడించబోయి, ఓపిక చాలక మానుకున్నదనీ మామయ్య చెప్పాడు. రైసు మిల్లు నడిపి సంపాదించిన మనిషి ఆయన. తన కోసం రూపాయి ఖర్చు పెట్టడం ఎరుగడు. అటువంటివాడు ఎనభై లక్షల కారు మాట ఎత్తాడంటే, ఆ రాత్రి ప్రయాణాలు ఆయనను ఎంతగా కలవరపెట్టి ఉండాలో ఊహించుకున్నాను.

పుస్తకం వచ్చింది. అది మెర్సిడెస్ బెంజ్ వారి ఇ-క్లాస్. ఈ వరుస కార్లు మన దేశంలో 1995 నుంచి పుణేలో తయారవుతున్నాయి. 2017లో వెనక సీటు వారి కోసం పొడుగు చేసిన నమూనా వచ్చింది. స్టీరింగు కుడివైపున ఉండే పొడుగు బండిని మన దేశం కోసమే రూపొందించారు. యజమాని వెనక కూర్చుంటాడనీ, బండి వేరొకరు నడుపుతారనీ వారు గ్రహించారన్నమాట. దానిని మళ్లీ కొత్తగా తీర్చిదిద్ది 2024 అక్టోబరులో విడుదల చేశారు. అప్పటి షోరూం ధర 78.5 లక్షల నుంచి 92.5 లక్షల వరకు.

అనువాదకుడికి మొదటి చిక్కు ‘లగ్జరీ’ అన్న మాట దగ్గరే వచ్చింది. భోగమంటే ఒక అర్థం, సౌఖ్యమంటే మరొక అర్థం. చివరకు ‘విలాసం’ అని రాశాను. రాసిన తరువాత జ్ఞాపకం వచ్చింది: మా తాతగారి కాలంలో ఉత్తరం మీద రాసే చిరునామాను కూడా విలాసమనే అనేవారు. ఆ రెండో అర్థం నా తీర్పులో ఎంత పని చేయబోతున్నదో అప్పుడు నాకు తెలియదు.

అంకెలు తెలుగులో పెట్టడం సులభం. బండి పొడవు 5,092 మిల్లీమీటర్లు, వెడల్పు 1,880, ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 3,094. పాత నమూనా కంటే ఈ దూరం 15 మిల్లీమీటర్లు ఎక్కువ. ఆ పదిహేను మిల్లీమీటర్లను గురించి పుస్తకంలో చాలా గొప్పగా రాశారు. వేలి వెడల్పు కంటే ఎక్కువేమీ కాదు. అయితే మామయ్య ఇంట్లో పాతికేళ్లు తిరిగిన అంబాసిడరుతో పోల్చి చూస్తే సంగతి వేరు. అందులో ఇరుసుల మధ్య దూరం 2,464 మిల్లీమీటర్లు. తేడా రెండడుగులకు పైమాట. ఆ రెండడుగులలో కొంతభాగం వెనక కూర్చున్నవారి కాళ్లకు దక్కింది. వెనక సీటు వీపుభాగం 36 డిగ్రీల వరకు వాలుతుంది. తొడలకు ఆనుడుగా సీటు అంచు 40 మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది. ఇంజను పెట్రోలుదైనా డీజిలుదైనా రెండు లీటర్లది దొరుకుతుంది. డ్రైవరు ప్రక్కన, నడుమ 14.4 అంగుళాల తెర. చల్లగాలి హెచ్చించాలన్నా తగ్గించాలన్నా ఆ తెరనే తాకవలసి ఉంటుంది.

డిసెంబరు నెల మధ్యలో నేను రాజమండ్రి వెళ్లాను. షోరూం వారు విశాఖ నుంచి బండి పంపించారు. వెనక సీటులో కూర్చుని జాతీయ రహదారి మీద ఒక గంట ప్రయాణం చేశాను. నిజం చెప్పవలెనంటే, అంత నిశ్శబ్దంగా రోడ్డు నా క్రింద జరిగిపోవడం అదే మొదటిసారి. ఒళ్లో పెట్టుకున్న కాగితం మీద అక్షరం వంకర పోకుండా రాయగలిగాను. ఒక్కసారి సీటు పూర్తిగా వాల్చి పడుకున్నాను. వెంటనే ఒక సందేహం తోచింది. వీపు వెనక్కు పోయినకొద్దీ సీటు బెల్టు ఛాతీని వదిలి వదులైపోతున్నది. ప్రమాదం జరిగితే మనిషి బెల్టు క్రింద నుంచి ముందుకు జారిపోయే అవకాశం ఉన్నది. ఇది ఈ ఒక్క కారుకే కాదు, వాలే సీటున్న ప్రతి కారుకూ వర్తించే మాట. వెనక కూర్చున్నవారికి బెల్టు అక్కరలేదన్నది మన దేశంలో పాతుకుపోయిన అపోహ. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించిన ప్రమాదంలో వెనక సీటులోని ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పిన తరువాతనే చాలామందికి కళ్లు తెరుచుకున్నాయి.

అసలు చిక్కు ఇంటికి తిరిగి వచ్చినప్పుడు ఎదురయింది. మామయ్య ఇల్లు పాత సందులో ఉన్నది. సందు నడుమ ఒక మలుపు. అంబాసిడరు ఆ మలుపును ఏనాడూ లెక్కచేయలేదు. పదహారు అడుగుల ఎనిమిదంగుళాలు దాటిన ఈ బండి అక్కడికి వచ్చి ఆగింది. షోరూం డ్రైవరు దిగి, అటూ ఇటూ చూసి, తల అడ్డంగా ఊపాడు. పైగా పొడుగు బండికి వెనక తలుపు కూడా పొడుగే. అది పూర్తిగా తెరుచుకుంటేనే పెద్దవాళ్లు సుఖంగా ఎక్కగలరు. ప్రక్కన కాలువ గట్టు ఉన్నప్పుడు తలుపు సగమే తెరుచుకుంటుంది. విలాసవంతమైన బండి విలాసానికి చేరలేకపోయింది.

ఆ రాత్రి నాలుగు పేజీల నివేదిక రాశాను. బండి ఉత్తమమైనది, మీ అవసరానికి తగినది కాదు. అత్తయ్య వీధి మొగ వరకు అరవై అడుగులు నడవవలసి వస్తుంది. ఇంటి ముందుకు వచ్చే చిన్న బండి తీసుకోవడం మంచిది. ఇదీ దాని సారాంశం. మరునాడు వసారాలో కూర్చుని మామయ్యకు చదివి వినిపించాను. ఆయన ముఖం చిన్నబోయింది. ఔనని చెప్పించుకోవాలన్నదే ఆయన కోరిక. రుణపడి ఉన్న మనిషికి కాదని చెప్పడం కంటే కష్టమైన అనువాదం నేనెన్నడూ చేయలేదు.

గదిలో పడుకుని ఉన్న అత్తయ్య తలుపు పట్టుకుని బయటికి వచ్చింది. తలకు చుట్టుకున్న నూలు గుడ్డ సర్దుకుంటూ, “అరవై అడుగులు నడవలేనని నీతో ఎవరన్నారు నాన్నా?” అని అడిగింది. నేను మాట్లాడలేదు. “వెళ్లేటప్పుడు నడుస్తాను. వచ్చేటప్పుడు వీధి మొగ నుంచి మీ మామయ్య చేయి పట్టుకుని వస్తాను. అది కాదు నాకు కావలసింది. సీటు వాలుతుందని రాశావే, వాంతి వచ్చినప్పుడు అది ఎంతసేపట్లో లేస్తుంది?”

నాలుగు పేజీలలో ఆ ప్రశ్నకు జవాబు లేదు. కాళ్లకు ఎంత చోటున్నదో రాశాను, తెర ఎంత పెద్దదో రాశాను. అందులో కూర్చోబోయే మనిషిని ఒక్క మాట అడగలేదు. ఆవిడను అడగకుండానే ఆవిడ తరఫున నడకను కొలిచాను. మూలాన్ని చదవకుండా అనువాదం చేయడమంటే ఇదే.

ఆ సాయంత్రం వీధి మొగలో ఆగి ఉన్న బండి దాకా అత్తయ్య నడిచి వచ్చింది. మధ్యలో ఒక అరుగు మీద కొంచెంసేపు కూర్చుంది. వెనక సీటు ఎక్కి, పూర్తిగా వాల్పించుకుని, అంతలోనే లేపమంది. మోటారుతో కదిలే సీటు తన తీరుబడిన తాను లేస్తుంది. చేత్తో తోసి తొందరపెట్టడానికి వీలుండదు. “నాకు అంత వ్యవధి ఉండదు. సగం వాలిస్తే చాలు. అప్పుడు నేనే లేవగలను” అన్నది. సగం వాల్చినప్పుడు బెల్టు కూడా ఛాతీకి ఆనుకునే ఉన్నది. నా సందేహమూ ఆవిడ అవసరమూ ఒకేచోట తీరాయి. పుస్తకం 36 డిగ్రీలను ఎంత పొగిడితేనేమి, ఆవిడకు కావలసింది అందులో సగమే.

ఇటువంటి బండి కొనదలచిన పాఠకులకు నేను చెప్పగలిగినది ఇంతే. షోరూం చలువ రాళ్ల మీద నిలబెట్టిన బండిని చూసి నిర్ణయించుకోకండి. దానిని మీ ఇంటి సందులోకి తెప్పించండి. మలుపు తిప్పి చూడండి, తలుపు పూర్తిగా తెరిచి చూడండి. మీ ఊరి స్పీడ్ బ్రేకర్ల మీద బండి నిండా మనుషులను ఎక్కించి నడపండి. నడిపేవాడికి ఆ తెర మీది సూచనలు అర్థమవుతాయో లేదో కనుక్కోండి. మామయ్య డ్రైవరు తెలుగు తప్ప చదవలేడు. ఏ ఎర్రదీపం వెలిగితే బండి ఆపాలో, ఏ పసుపుదీపం వెలిగితే మెల్లగా ఇంటికి చేరవచ్చునో రెండు పేజీలు తెలుగులో రాసి ఇచ్చాను. ఇన్నేళ్లలో నేను చేసిన అనువాదాలన్నింటిలో ఉపయోగపడినది అదే కాబోలు. అన్నింటికంటే ముఖ్యం, ఎవరి కోసం కొంటున్నారో వారిని వెనక కూర్చోబెట్టి, వారు అడిగేదాకా మీరు మాట్లాడకండి.

మామయ్య బండి తీసుకున్నాడు. రాత్రివేళ మిల్లు ఆవరణలో ఉంచేవారు. జనవరిలో నాలుగో విడత నుంచి అందులోనే వెళ్లివచ్చారు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ తరగతి కార్ల మీద మొత్తం పన్ను 48 నుంచి 40 శాతానికి తగ్గింది. కొద్ది నెలలు ఆగి ఉంటే లక్షలు మిగిలేవని నేనంటే, మామయ్య నవ్వాడు. “అప్పటిదాకా ఆగమని జబ్బుతో చెప్పేవాడివా?” అన్నాడు.

2025 ఫిబ్రవరిలో, శివరాత్రికి ముందు, చివరి విడతకు నేనూ వెంట వెళ్లాను. మామయ్య జీవితమంతా డ్రైవరు ప్రక్కనే కూర్చుని ప్రయాణం చేసిన మనిషి. ఆ రోజు ముందు సీటు నాకు ఇచ్చి, తాను వెనక కూర్చున్నాడు. తిరిగి వస్తూ తుని దాటాక వెనుదిరిగి చూశాను. ఇద్దరి నడుమ చేయి ఆనించుకునే దిండును పైకి మడిచి పెట్టేశారు. అత్తయ్య సీటు సగం వాల్చుకుని నిద్రపోతున్నది. మామయ్య ఒక చేతితో ఆవిడ చేయి పట్టుకుని ఉన్నాడు. రెండో చేయి ఒళ్లోని స్టీలు గిన్నె మీద ఉన్నది. ఆ ప్రయాణంలో దాని అవసరం రాలేదు. అన్నవరం కొండ కనబడగానే ఆయనే ఆవిడను మెల్లగా లేపాడు.