దండం ఎవరు పెట్టాలె?

రండి, ఇటు జరిగి కూర్చోండి. పొగ అటు పోతోంది, కళ్లు మండవు. హన్మకొండలో డిసెంబరు ఆఖరి వారమంటే చలి మోకాళ్ల నుంచి మొదలవుతుంది. గల్లీలో ఎవరో విరిగిన కుర్చీ కాళ్లు తెచ్చి మంటలో వేశారు. ఇవిగో పల్లీలు, ఒలుచుకుంటూ వినండి.

ఇందాకటి నుంచి మా మనవడు ఫోను పట్టుకొని ఒక్కడే పడీ పడీ నవ్వుతున్నాడు. "ఏందిరా?" అంటే నా ముఖం ముందు పెట్టాడు. నల్లకోటు తొడుక్కున్న పిల్లి, పియానో ముందు. "ఓరి, ఇది నాకెరికేరా" అన్నాను. వాడు నమ్మలేదు. వాడి లెక్కలో నేను హరికథల కాలం వాణ్ని.

మా ఇంటికి టామ్, జెర్రీ కేబుల్ తీగ మీద వచ్చారు. 1995లో కార్టూన్ నెట్‌వర్క్ మన దేశంలో మొదలైంది. రాత్రి తొమ్మిదైతే కార్టూన్లు బంద్, అదే చానల్లో పాత ఇంగ్లీషు సినిమాలు. మా అమ్మకు ఇంగ్లీషు ముక్క రాదు. అయితేనేం, టామ్‌కు మాత్రం వచ్చా? ఇద్దరికీ బాగా కుదిరింది. బియ్యంలో రాళ్లు ఏరుతూ చూసేది. ఎలుక గెలిచినప్పుడల్లా చేట ఆగిపోయేది.

మనవడు చూస్తున్నది 'ది క్యాట్ కన్సర్టో'. 1947 ఏప్రిల్‌లో విడుదలైంది. తీసింది ఎమ్‌జీఎం స్టూడియోలో విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా. నిడివి ఏడు నిమిషాలే. సెకనుకు 24 ఫ్రేములు వేసుకోండి, పదివేలు దాటుతాయి. అంత పనీ ఒక పిల్లి కచేరీ చెడగొట్టడానికి!

కథ చెప్పడానికి ఏమీ లేదు, చూడాల్సిందే. అయినా చెబుతాను. టామ్ ఠీవిగా వేదిక మీదికొస్తాడు. జనానికి తల వంచుతాడు. వేళ్లు తుడుచుకుంటాడు. పెద్ద విద్వాంసుడి మాదిరి కళ్లు సగం మూసి మొదలుపెడతాడు. పియానో లోపల జెర్రీ పడుకొని ఉన్నాడు. ఇక్కడొక చిన్న సంగతి తెలిస్తే నవ్వు రెట్టింపవుతుంది. హార్మోనియంలో మెట్టు నొక్కితే గాలి రీడు మీదుగా పోయి పలుకుతుంది. పియానోలో అట్లా కాదు. మెట్టు నొక్కితే లోపల మెత్త చుట్టిన సుత్తి లేచి తీగను కొడుతుంది. జెర్రీ పరుపు ఆ సుత్తులే. పైన విద్వాంసుడి రాగాలాపన, కింద నిద్రపోయేవాడి వీపు మీద దరువు!

ఇక యుద్ధం. జెర్రీ లేచి టామ్ వేళ్ల మీద మెట్ల మూత దబ్బున వేస్తాడు. కత్తెర పట్టుకొని టామ్ వేలికి కాచుకుంటాడు. మెట్ల నడుమ ఎలుకబోను పెడతాడు. ఎలుక బోను పెట్టి పిల్లిని పట్టడం, ఆ ఊహకే నేను దండం పెడతాను. టామ్ వాడిని పట్టి స్టూల్లో కుక్కితే, లోపలి నుంచి మర తిప్పి టామ్‌ను పైకి లేపి దబ్బున కింద పడేస్తాడు. ఇంత జరుగుతున్నా ఆ మహానుభావుడు వాయిద్యం ఆపడు. చేతులు ఖాళీ లేకుంటే కాళ్లతో వాయిస్తాడు.

ఇంట్లోనైతే టామ్ చేతికందిన కర్రో పెనమో పట్టుకొని తరిమేవాడు. ఇక్కడ సభ ఉంది. ముందు జనం కూర్చున్నారు. కోటు నలగకూడదు, ముఖం మారకూడదు, తాళం తప్పకూడదు. ఈ మర్యాదే ఆ సినిమాకు ప్రాణమని నా లెక్క. తన్నులు ఏ కార్టూన్‌లోనైనా ఉంటాయి. తన్నులు తింటూ విద్వాంసుడిలా కనిపించాల్సిన గతి ఇక్కడే పట్టింది.

నాకిది బాగా అర్థమవడానికి కారణం ఉంది. మా చిన్నప్పుడు మా వాడలో భజన మండలి ఉండేది. హార్మోనియం వాయించే ఆయన్ని అందరం మామ అనేవాళ్లం. ఆ పెట్టె ఏడాదంతా గుడి పక్క గదిలో, అటుకుల బస్తా పక్కన ఉండేది. శ్రీరామనవమి రాత్రి పందిట్లో మామ పెట్టె తెరిచి తిత్తి ఊదాడు. స్వరం రాలేదు, ఉస్సుమని ఊపిరి వచ్చింది. మళ్లీ ఊదాడు. ఒక మెట్టు మాత్రం ముట్టకుండానే కుయ్యిమని పట్టుకుంది, వదలదు. పాడే ఆయన అప్పటికే ఎత్తుకున్నాడు. ముందు రెండు వందల మంది. మామ ముఖంలో ఒక్క గీత కదలలేదు. తిత్తి చిరుగు మీద బొటనవేలు అదిమి, పట్టుకున్న మెట్టు కింద ఉంగరపు వేలు దూర్చి ఎత్తి పట్టి, మిగిలిన వేళ్లతో రాత్రంతా నెట్టుకొచ్చాడు. చివర్లో పాడిన ఆయనకు శాలువా కప్పారు. మామ పెట్టె విప్పి చూశాడు. నమిలిన తోలు, అటుకులు, ఎండిన బంతిపూల రేకులు. సంసారం పెట్టిన ఎలుక ఎటు పోయిందో పోయింది.

ఈ శాలువా సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాను.

ఇంతకీ టామ్ వాయించేది లిస్ట్ అనే హంగరీ ఆయన రాసిన రెండో హంగేరియన్ రాప్సొడీ. 1847 నాటిది, కార్టూన్‌కు వందేళ్ల ముందుది. మొదట నిదానం, బరువు. పోను పోను ఒగ్గుడోలు ఊపందుకున్నట్టు పరుగు. కెన్నెత్ మ్యూజ్, ఎడ్ బార్జ్, ఐర్వెన్ స్పెన్స్ బొమ్మలు గీశారు. టామ్ వేళ్లు పడేది ఏదో ఒక మెట్టు మీద కాదు, ఆ స్వరానికి పడాల్సిన మెట్టు మీదే. పిల్లికి నాలుగు వేళ్లే ఉన్నా సరే. మన సినిమాల్లో హీరో వీణ పట్టుకున్నప్పుడు చేతులు ఎటు పోతాయో మీకు తెలుసు కదా, నేను చెప్పను.

దీని మీద తగువు కూడా నడిచింది. అదే రాప్సొడీ, అదే పియానో, అదే లోపల ఎలుక. ఈసారి వాయించేది బగ్స్ బన్నీ కుందేలు. వార్నర్ బ్రదర్స్‌లో ఫ్రిజ్ ఫ్రెలెంగ్ 1946లో తీసిన 'రాప్సొడీ రాబిట్'. నువ్వు కొట్టేశావంటే నువ్వు కొట్టేశావని రెండు స్టూడియోలూ అరుచుకున్నాయి. ఆస్కార్ మాత్రం పిల్లికే వచ్చింది, టామ్ అండ్ జెర్రీకి వరసగా నాలుగోది. నాకైతే కుందేలు కచేరీ కూడా ఇష్టమే. కానీ కుందేలుకు సభంటే భయం లేదు, మధ్యలో మాట్లాడుతుంది. అక్కడ పస కొంచెం తగ్గుతుంది.

సినిమా చివర్లో జెర్రీ రెండు సుత్తులు విరిచి పట్టుకొని ఆఖరి పరుగంతా తానే వాయిస్తాడు. పైన టామ్ ఉరుకులాడుతుంటాడు. అయిపోయిందనుకున్న ప్రతిసారీ మళ్లీ ఎత్తుకుంటుంది పాట. ఆఖరుకు టామ్ చొక్కా చినిగి, వాలిపోతాడు. దీపం వెలుగు జెర్రీ మీద పడుతుంది, అప్పటికి వాడి ఒంటి మీదా చిన్న కోటు ఉంది. వాడు వంగి దండం పెడతాడు.

ఇక శాలువా. టామ్ అండ్ జెర్రీకి వచ్చిన ఆస్కార్లు మొత్తం ఏడు. ఏడుసార్లూ వేదికెక్కి అందుకున్నది నిర్మాత ఫ్రెడ్ క్వింబీ. తీసిన హన్నా, బార్బెరాలను పైకి పిలవలేదు. జెర్రీకి దక్కిన దండం వాడిని పుట్టించిన వాళ్లకు దక్కలేదు. 1957లో స్టూడియో కార్టూన్ విభాగమే మూసేసింది, వీళ్లు సొంత దుకాణం పెట్టుకున్నారు. మనవైపు అదే ఏడు 'మాయాబజార్' వచ్చింది. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరిపోతాయే, అది కార్టూన్ కాక ఏమిటి చెప్పండి?

ఇంకో సంగతి. మిగతా సినిమాల్లో టామ్ తోక నలిగితే ఒక కేక వేస్తాడు, చెవులు గింగురుమనేట్టు. ఆ గొంతు హన్నాది. డైరెక్టరే మైకు ముందు నిలబడి అరిచాడు. అటు బగ్స్ బన్నీ గొంతు మెల్ బ్లాంక్‌ది. జీతం పెంచమంటే పెంచకుండా తెర మీద పేరు వేశారట. పేరు తింటే కడుపు నిండుతుందా అనకండి, గొంతుకు పేరు రావడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

ఇది వరంగల్ వాళ్లకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. మట్టెవాడలో 1932 డిసెంబరు 28న పుట్టిన మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ గారు మన మధ్యనే తిరిగారు కదా. ఈ రోజే ఆయన పుట్టినరోజు, మిమిక్రీ దినం. 'టెన్ కమాండ్‌మెంట్స్', 'మెకన్నాస్ గోల్డ్' సన్నివేశాలు ఆయన ఒక్క గొంతులో నడిచేవి. మాటలే కాదు, వెనక సంగీతం, చప్పుళ్లు, అన్నీ. అక్కడ వంద మంది చీకటి గదుల్లో కూర్చొని చేసిన పని, ఇక్కడ ఒక్క మనిషి దీపాల కింద నిలబడి చేసేవాడు. 1971లో ఐక్యరాజ్యసమితిలోనూ చేశారు. 2001లో పద్మశ్రీ వచ్చింది, 2018లో పోయారు. హన్మకొండలో కళాప్రాంగణం ఆయన పేరు మీదే ఉంది. శాలువా సరైన భుజం మీదికే వచ్చింది, ఒక్కసారైనా.

"తాతా, గా టామ్ కేక నీకొస్తదా?" అన్నాడు మనవడు.

"రాకేం? వరంగల్లోనే పుట్టినగదరా."

లేచి, గొంతు సవరించుకొని, తోక తలుపులో పడ్డట్టు ఊహించుకొని వేశాను. మంట అటు నుంచి పల్లీలు ఎగిరాయి. వెనక గల్లీలో కుక్కలన్నీ ఒక్కసారే అందుకున్నాయి. ఎదురింట్లో లైటు వెలిగింది. లోపలి నుంచి మా ఆవిడ, "ఏమైందండీ, తేలు కుట్టిందా?" అంటూ టార్చిలైటు పట్టుకొని ఉరికొస్తోంది.