మసక ముఖం

2009లో నేను పాల్వంచ దగ్గర, కిన్నెరసాని అడవి అంచున ఒక పల్లె బడిలో పనిచేసేవాణ్ణి. నా జేబులో ఎప్పుడూ ఒక చిన్న డిజిటల్ కెమెరా ఉండేది. ఒకనాడు బడి పండుగ అయేసరికి సందె చీకటి పడింది. వసారాలో పిల్లలనూ పెద్దలనూ నిలబెట్టి ఫోటో తీశాను.

మొన్న అప్పటి శిష్యుడొకడు వచ్చాడు. ఇప్పుడతడు పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తాడు. మెడలో పెద్ద మిర్రర్‌లెస్ కెమెరా! పాతరకం పెద్ద కెమెరాల్లో ఒక అద్దం ఉండి, మీట నొక్కగానే టక్కున పైకి లేచేది. ఇందులో అది లేదు. అందుకే ఆ పేరు.

పిల్లలూ, వానలో ఒక ఉగ్గుగిన్నె, ఒక గంగాళం పెట్టండి. ఏది ఎక్కువ నీరు పడుతుంది? కెమెరాకు వాన అంటే వెలుతురు. దాన్ని పట్టే పలకను సెన్సర్ అంటారు. నా కెమెరాలో అది సుమారు 6 మిల్లీమీటర్ల పొడవు, 4.5 వెడల్పు. అతని దానిలో 36 పొడవు, 24 వెడల్పు. ఎన్ని రెట్లో మీరే లెక్క కట్టండి. మిట్టమధ్యాహ్నం ఈ తేడా అంతగా తెలియదు. కుండపోత వానలో ఉగ్గుగిన్నె కూడా నిండుతుంది కదా! సందెవేళ మాత్రం చిన్నదానికి నాలుగు చినుకులే దక్కుతాయి. బొమ్మంతా ఇసుక చల్లినట్టు వస్తుంది.

ఇద్దరం ఆ బడికి వెళ్ళాం. అదే వసారాలో, అదే వేళకు అతడు నన్ను తీశాడు. నా కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు!

ఇంటికొచ్చాక పాత ఫోటో అడిగాడు. వెనక వరసలో, స్తంభం నీడలో ఉన్న మసక ముఖం వాళ్ళ నాన్నది. ఆయన పోయి పదేళ్ళయింది. వేరే ఫోటో లేదు.

"నీ దగ్గర ఇన్ని పనిముట్లున్నాయే, దీన్ని బాగుచేయలేవా?" అన్నాను.

"అప్పుడు పడని వెలుతురు ఇప్పుడు ఎక్కడి నుంచి తెస్తాను సార్? అయినా ఆనాడు మీ జేబులో ఆ చిన్న కెమెరా లేకపోతే ఇది కూడా లేదు," అని ఆ ముఖాన్ని అలాగే కాపీ చేసుకు వెళ్ళాడు.